పరుగు పందెమునకు బొగ్గుగని చెప్పు పాఠము

ఆటలన్నింటిలోను పరుగు చౌకయైనది. దానికి బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, గీతలు గీసిన మైదానము కూడ అక్కరలేదు. ఒక రోడ్డు ఉన్న చాలును. పరుగునందు ఆసక్తి గలవారు కొందరు సంఘముగా ఏర్పడి, సంవత్సరమున కొకసారి ఊరివారినందరిని పిలిచి 5, 10, 21 కిలోమీటర్ల పందెములు నడుపుట నేడు పెక్కు నగరములలో వాడుకయైనది. హైదరాబాదులో 2007లో ఏర్పడిన 'హైదరాబాద్ రన్నర్స్' అట్టి సంఘమే. అది నడుపు మారథాన్ పందెము కొన్నేండ్లుగా ఆగస్టు మాసాంతమున జరుగుచున్నది. పూర్తి మారథాన్ దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ దూరము పరుగెత్తువారు ఇంకను చీకటి ఉండగనే బయలుదేరుదురు.

ఇట్టి వార్షిక పందెమును సింగరేణి బొగ్గు ప్రాంతమున, రామగుండములోనో గోదావరిఖనిలోనో నడుపవలెనన్నచో మొదట తేల్చవలసినది బహుమానముల సంగతి కాదు. ఏ నెలలో, ఏ గంటకు పరుగు పెట్టవలెనన్నది మొదటి ప్రశ్న. తెలంగాణములో మిక్కిలి వేడిగల పట్టణములలో రామగుండము ఒకటి. మే నెలలో అక్కడి పగటి ఉష్ణోగ్రత సగటున సుమారు 42 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. కొన్ని దినములలో 45 కూడ దాటును. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. రామగుండము దానికంటె 350 మీటర్లకు పైగా పల్లమున ఉన్నది. కనుక హైదరాబాదునకు సరిపోయిన తేది బొగ్గు ప్రాంతమునకు సరిపోవునని తలపరాదు.

అయితే బొగ్గు ప్రాంతమున కొక అనుకూలత కూడ కలదు. వేడిలో మనుష్యుడు ఎంతవరకు శ్రమింపవచ్చునో కొలుచు విద్య అక్కడి గనులలో బహుకాలముగా వాడుకలో ఉన్నది. పరుగు పందెమునకు కావలసినది అదే విద్య.

లోపలి పొయ్యి

పరుగెత్తు మనిషి నడుచుచున్న యంత్రము వంటివాడు. ఏ యంత్రమైనను తనకిచ్చిన ఇంధనమునంతను పనిగా మార్చజాలదు. చాలభాగము వేడిగా పోవును. మన కండరములును అంతే. అవి వినియోగించు శక్తిలో ఐదింట నాలుగు వంతులు వేడియగును. మిగిలిన వంతే చలనమునకు పనికివచ్చును.

ఈ వేడి ఎంతో లెక్క వేయవచ్చును. చదునైన దారిలో ఒక కిలోమీటరు పరుగెత్తుటకు శరీరపు బరువులో ప్రతి కిలోగ్రామునకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చగును. 60 కిలోగ్రాముల విద్యార్థి 10 కిలోమీటర్లు పరుగెత్తెననుకొందము. 600 కిలోకేలరీలు ఖర్చగును. అందులో ఐదింట నాలుగు వంతులు, అనగా 480 కిలోకేలరీలు వేడిగా మారును. శరీరపు విశిష్టోష్ణము సుమారు 0.83. కాబట్టి ఈ విద్యార్థి శరీరము ఒక డిగ్రీ వేడెక్కుటకు 60 × 0.83, అనగా రమారమి 50 కిలోకేలరీలు చాలును. పుట్టిన వేడి యంతయు లోపలనే నిలిచిపోయినచో, పందెము ముగియునప్పటికి అతని ఉష్ణోగ్రత 37 నుండి 46 డిగ్రీలు దాటవలెను. 50 నిమిషములలో పందెము ముగించువానికి ఇది ఐదు నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుట. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి చాలసేపు నిలిచినచో మెదడు, కాలేయము, మూత్రపిండములు చెడిపోవును. అందుచేత పరుగెత్తువాని శరీరము వేడిని పుట్టించుచునే, దానిని వెంటవెంటనే బయటికి పంపుచుండవలెను.

చెమట చేయు పని

శరీరము వేడిని పోగొట్టుకొను దారులు మూడు. చర్మమునకు తగులు గాలి కొంత వేడిని తీసికొని పోవును. చుట్టుపట్లనున్న చల్లని వస్తువులకు వికిరణము వలన కొంత పోవును. చెమట ఆవిరియగుట వలన మిగిలినది పోవును. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె చల్లగా ఉన్నప్పుడే మొదటి దారి పనిచేయును. గాలి 42 డిగ్రీలున్నచో ఆ దారి తిరగబడి, గాలిలోని వేడియే శరీరములోనికి వచ్చును. ఎండయు, కాలిన తారురోడ్డును రెండవ దారిని మూయును. ఇక మిగిలినది చెమట ఒక్కటే.

చర్మముపై ఒక గ్రాము చెమట ఆవిరియైనచో సుమారు 0.58 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. పైన చెప్పిన 480 కిలోకేలరీలను చెమట ఒక్కటే పోగొట్టవలెనన్నచో 830 గ్రాముల చెమట పూర్తిగా ఆవిరి కావలెను. కొత్తకుండలో నీరు చల్లబడుటకును ఇదే కారణము. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని తీసికొనును. కుండకు నూనె పూసినచో నీరు చల్లబడదు.

మేనికి ఇట్టి పూత పూసికొన్న కథ ఒకటి కలదు. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ మారథాన్ పందెములో పోర్చుగల్ దేశీయుడు ఫ్రాన్సిస్కో లాజరో ఎండవేడిమికి దారిలో కూలిపోయి, మరునాడు మరణించెను. ఎండనుండి కాపాడుకొనుటకై అతడు మేనికి మైనము పూసికొనెననియు, అందుచేత చెమట పోవు దారి మూసికొనిపోయెననియు చెప్పుదురు.

ఇచట గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. చల్లబరచునది కారిపోయిన చెమట కాదు, ఆవిరియైన చెమట. గాలిలో ఇదివరకే తేమ నిండియున్నచో చెమట ఆవిరి కాలేక బొట్లుబొట్లుగా నేలపాలగును. శరీరమునుండి నీరు పోవునే గాని వేడి పోదు.

తడిబల్బు

గాలి ఎంత వేడిగా ఉన్నదో మామూలు ఉష్ణమాపకము చెప్పును. ఆ గాలిలో చెమట ఎంత చురుకుగా ఆవిరియగునో అది చెప్పలేదు. దానిని తెలిసికొనుటకు పాఠశాలలోనే ఒక సాధనమును తయారు చేసికొనవచ్చును. ఒకే తీరున్న ఉష్ణమాపకములు రెండు తీసికొని, ఒకదాని బల్బునకు పలుచని నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న నీటి సీసాలో ముంచవలెను. రెంటిని నీడలో వ్రేలాడదీసి విసనకఱ్ఱతో రెండు మూడు నిమిషములు విసరవలెను. గుడ్డలోని నీరు ఆవిరియగుచు ఆ బల్బును చల్లబరచును. పొడిబల్బు గాలి వేడిని, తడిబల్బు చెమటతో తడిసిన శరీరము వంటి వస్తువు ఎంతవరకు చల్లబడగలదో దానిని చూపును.

ఈ రెండు అంకెలకు గల తేడా తెలిసినచో అనుభవములోని వింత యొకటి విడిపోవును. గాలి 40 డిగ్రీలుండి సాపేక్ష ఆర్ద్రత 20 శాతమైనచో తడిబల్బు సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 32 డిగ్రీలే యైనను ఆర్ద్రత 80 శాతమైనచో తడిబల్బు 29 డిగ్రీలు చూపును. నీడలో ఉన్నవానికి వానకాలపు ఉక్కపోత వేసవి పొడి వేడిమి కంటె భరింపరానిదిగా తోచుటకు కారణమిదియే.

గనిలోని నియమము

భూగర్భ గనిలో ఎండ లేదు. అయినను వేడి కలదు. సాధారణముగా లోతు 30, 40 మీటర్లు పెరిగిన కొలది శిలల ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరుగును. యంత్రములు వేడినిచ్చును. బొగ్గు గాలిలోని ఆమ్లజనితో మెల్లగా కలియుచు వేడిని పుట్టించును. గోడలనుండి ఊరు నీరు, ధూళి లేవకుండ చల్లు నీరు గాలికి తేమనిచ్చును. కనుక గనిలో ప్రమాదము వేడి, తేమ రెండును కూడుట వలన వచ్చును.

అందువలననే గనులలో రెండు ఉష్ణమాపకములను ఒక పిడికి బిగించి గిరగిర త్రిప్పి తడిబల్బు అంకెను చూచెదరు. భారత బొగ్గుగనుల నిబంధనలు పొడి ఉష్ణోగ్రతకు గాక తడిబల్బు ఉష్ణోగ్రతకే హద్దు పెట్టినవి. పనిచేయు చోట అది 33.5 డిగ్రీలు మించరాదు. 30.5 డిగ్రీలు దాటినచో అక్కడ సెకనునకు ఒక మీటరుకు తగ్గని వేగముతో గాలి ఆడునట్లు ఏర్పాటు చేయవలెను. గాలి ఆడినచో చర్మమువద్ద పేరుకొన్న తేమ తొలగి చెమట ఆవిరియగును.

గనికిని పరుగునకును గల చుట్టరికము దక్షిణాఫ్రికాలో మరింత స్పష్టముగా కనిపించును. అక్కడి లోతైన బంగారు గనులలో వడదెబ్బ వలన కార్మికులు మరణించుచుండగా, 1930 ప్రాంతములలో డ్రియోస్టి అను వైద్యుడు కొత్త కార్మికులను క్రమక్రమముగా వేడికి అలవాటు చేయు పద్ధతిని పరిశోధించెను. తరువాత జొహానెస్‌బర్గులో గనుల సంస్థవారి పరిశోధనశాలలో సిరిల్ విండామ్ గని కార్మికుల దేహధర్మములను పరిశీలించి, మారథాన్ పరుగువారిపైనను అదే పరిశీలన జరిపెను. గనిలో పార చేతబట్టిన శరీరము, రోడ్డుపై పరుగెత్తు శరీరము ఒకే సూత్రమునకు లోబడియుండుటచే ఇది సాధ్యమయ్యెను.

మూడు అంకెల లెక్క

రోడ్డుపై ఎండ కూడ ఉండును. కనుక తడిబల్బు ఒక్కటి చాలదు. 1956లో అమెరికాలోని పారిస్ ఐలాండ్ సైనిక శిక్షణ కేంద్రమున వడదెబ్బలను తగ్గించుటకై ఒక లెక్కను వాడుకలోనికి తెచ్చిరి. దానిని యాగ్లూ, మినార్డ్ అనువారు 1957లో ప్రకటించిరి. ఇందులో మూడవ ఉష్ణమాపకమొకటి ఉండును. దాని బల్బు నల్లరంగు పూసిన డొల్ల రాగిగోళపు నడుమ ఉండి ఎండ తీవ్రతను చూపును. తడిబల్బు అంకెను 0.7తో, నల్లగోళపు అంకెను 0.2తో, పొడిబల్బు అంకెను 0.1తో హెచ్చవేసి కూడవలెను. తేమకు ఏడు పాళ్లు, ఎండకు రెండు పాళ్లు, గాలి వేడిమికి ఒక పాలు ఇచ్చినట్లయినది.

మూడు ఉదాహరణములు చూతము. మే నెల మధ్యాహ్నమున ఎండలో ఈ అంకెలు వరుసగా 25, 58, 42 అనుకొన్నచో ఫలితము 33.3. ఆగస్టులో మబ్బుపట్టిన ఉదయమున 25, 27, 27 అనుకొన్నచో 25.6. డిసెంబరు వేకువను 13, 15, 15 అనుకొన్నచో 13.6.

అమెరికా క్రీడావైద్య కళాశాలవారు దూరపు పరుగులకు ఈ లెక్కనుబట్టి పతాకముల పద్ధతిని చెప్పిరి. 18కి లోపల ఆకుపచ్చ జెండా, ప్రమాదము తక్కువ. 18 నుండి 23 వరకు పసుపుపచ్చ. 23 నుండి 28 వరకు ఎఱుపు. వేడికి తాళలేనివారు మానుకొనవలెను. 28 దాటినచో పందెము నిలుపవలెను. ఆగస్టు ఉదయము చల్లగా తోచినను ఎఱ్ఱజెండా క్రిందికే వచ్చుట గమనింపదగినది. మబ్బు ఎండను ఆపునే గాని తేమను తగ్గించదు.

చీకటి కూడ ఎల్లప్పుడును రక్ష కాదు. 2019లో దోహా నగరమున ప్రపంచ పోటీల స్త్రీల మారథాన్‌ను ఎండ తప్పించుటకు అర్ధరాత్రి నడిపిరి. గాలి సుమారు 32 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతమునకు పైన. ప్రపంచములోని మేటి క్రీడాకారిణులు 68 మంది బయలుదేరగా 28 మంది మధ్యలోనే మానుకొనిరి. టోక్యో ఒలింపిక్ పోటీల మారథాన్‌ను ఈ భయముతోనే ఉత్తరమున చల్లగా ఉండు సప్పోరో నగరమునకు మార్చిరి. 2021లో అక్కడను వేడి ఎక్కువగుటచే స్త్రీల పందెమును మరియొక గంట ముందుకు జరిపి ఉదయము 6 గంటలకు పెట్టిరి.

దూరము తక్కువైనను

5, 10 కిలోమీటర్ల పందెములకు ఇంత జాగ్రత్త ఎందుకని కొందరు అడుగుదురు. ఇది పొరపాటు. నిమిషమునకు పుట్టు వేడి దూరమునుబట్టి గాక వేగమునుబట్టి ఉండును. చిన్న పందెములో మనుష్యుడు వేగముగా పరుగెత్తును. అమెరికాలో ఫాల్మత్ అను చిన్న ఊరిలో 1973 నుండి ఆగస్టు నెలలో వార్షిక రోడ్డు పందెము జరుగుచున్నది. దూరము 7 మైళ్లు, అనగా 11.3 కిలోమీటర్లు మాత్రమే. అయినను 18 పందెముల లెక్కలు చూడగా 274 మందికి శ్రమవలన వడదెబ్బ తగిలినట్లు తేలెను.

మన దేశములో ఉద్యోగపు పరీక్షల పరుగులు కూడ ఈ కోవలోనివే. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తుట అర్హతగా పెట్టిరి. ఈ దూరము చిన్నదే. కాని 2024 ఆగస్టులో, మరియొక బొగ్గు రాష్ట్రమైన జార్ఖండులో, ఎక్సైజు కానిస్టేబులు ఉద్యోగములకై యువకులు 10 కిలోమీటర్లు 60 నిమిషములలో పరుగెత్తవలసి వచ్చెను. ఆ పరీక్షలలో పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. మరణములకు కారణములు పలువిధములుగా చెప్పబడినను, ఉదయము 9 గంటల తరువాత పరుగు పెట్టరాదని ప్రభుత్వము తరువాత నిర్ణయించెను. ఉద్యోగమో బహుమానమో ఎదుట ఉన్నప్పుడు యువకుడు శరీరము చెప్పు మాట వినడు. కాబట్టి హద్దును పరుగెత్తువాడు గాక పందెము నడుపువారే ముందుగా పెట్టవలెను.

అలవాటు, నీరు

వేడికి శరీరము అలవాటు పడగలదు. దినమునకు గంటసేపు వేడిలో మితముగా శ్రమించినచో 10 నుండి 14 దినములలో రక్తములోని ద్రవభాగము పెరుగును. చెమట ముందుగా, ఎక్కువగా పట్టును. అందులోని ఉప్పు తగ్గును. అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకొనును. వేడికి దూరమైన కొన్ని వారములకు ఈ లాభము పోవును. చలిప్రదేశమునుండి వచ్చి మరునాడే పరుగెత్తువాడు అలవాటు లేనివాడే.

నీటి విషయమున శాస్త్రజ్ఞుల అభిప్రాయము మారినది. 1969లో విండామ్, స్ట్రైడమ్ అనువారు మారథాన్ పరుగులో తగినంత నీరు త్రాగకపోవుట ప్రమాదమని వ్రాసిరి. తరువాతి కాలమున ఎంత త్రాగిన అంత మేలను భావము వ్యాపించెను. కాని 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో సోడియము ఉండవలసిన దానికంటె తక్కువగా ఉన్నది. పరుగులో బరువు పెరుగునంతగా ద్రవములు త్రాగినవారికి ఈ దోషము ఎక్కువగా కలిగెను. అది మితిమీరినచో మెదడు వాచి ప్రాణాపాయము కలుగును. కాబట్టి దప్పికనుబట్టి త్రాగుట మంచిది. పరుగునకు ముందును తరువాతను బరువు చూచుకొన్నచో, తగ్గిన ప్రతి కిలోగ్రాము రమారమి ఒక లీటరు నీరు పోయినట్లు తెలిసికొనవచ్చును. పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగ మనకు అందుబాటులో ఉన్న మంచి పానీయము.

వడదెబ్బ తగిలినప్పుడు

వడదెబ్బ తగిలినవానికి చెమట ఉండదని పాత పుస్తకములు చెప్పును. పరుగెత్తి పడిపోయినవాని విషయమున ఇది నిజము కాదు; అతని శరీరము చెమటతో తడిసియుండవచ్చును. తూలుచు నడుచుట, పొంతనలేని మాటలు, కోపము, దారి తెలియకపోవుట — ఇవి గుర్తులు. ఇట్టివానిని ఆసుపత్రికి పంపువరకు ఊరకుండరాదు. మొదట చల్లబరచుట, తరువాత పంపుట అను నియమము పాటింపవలెను. మంచు కలిపిన నీటితొట్టిలో మెడవరకు కూర్చుండబెట్టుట మిక్కిలి మేలైన పద్ధతి. ఫాల్మత్ పందెములోని 274 మందికిని ఇట్లే వెంటనే చికిత్స చేయగా అందరును బ్రతికిరి. తొట్టి లేనిచో ఒంటిపై ధారాళముగా చన్నీరు పోయుచు విసరవలెను. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదు.

ఏ తేది, ఏ దారి

ఈ సంగతులన్నియు కలిపి చూచినచో బొగ్గు ప్రాంతమున రోడ్డు పందెమునకు తగిన కాలము నవంబరు నడుమనుండి ఫిబ్రవరి మొదటివరకు గల చలికాలమే. సింగరేణి కంపెనీ 1920 డిసెంబరు 23న ఆ పేరు దాల్చినది. ఆ తేదినే సింగరేణి దినముగా జరుపుకొనుచున్నారు. తడిబల్బు చెప్పు తీర్పు ప్రకారము కూడ ఆ దినము పరుగునకు తగినదే.

కాని చలికాలపు వేకువకు మరియొక దోషము కలదు. రాత్రి నేల త్వరగా చల్లబడి, నేలనంటిన గాలి చల్లగాను, దానిపై గాలి వెచ్చగాను ఉండును. చల్లని గాలి బరువైనది గనుక పైకి లేవదు. పొగయు ధూళియు దానిలోనే చిక్కుకొనును. కూర్చున్న మనిషి నిమిషమునకు 6, 8 లీటర్ల గాలి పీల్చగా, వేగముగా పరుగెత్తువాడు 60 లీటర్లకు పైగా పీల్చును. కనుక ఓపెన్‌కాస్టు గనులకును, బొగ్గు టిప్పర్లు తిరుగు రోడ్లకును దూరముగా దారిని ఎంచుకొనవలెను. పొద్దు పొడిచి పొగమంచు విడువసాగిన పిదప బయలుదేరుట వేకువచీకటిలో బయలుదేరుటకంటె మేలు. చలికాలమున ఆ కొద్ది ఆలస్యమువలన వేడి భయము లేదు. వేసవిలో అట్టి వెసులుబాటు ఉండదు.

పాఠశాలల విద్యార్థులు ఈ పనిలో తోడ్పడగలరు. నూలుగుడ్డ చుట్టిన ఉష్ణమాపకముతో ఒక సంవత్సరముపాటు ప్రతిదినము ఉదయము 6, 8, 10 గంటలకు పొడిబల్బు, తడిబల్బు అంకెలు వ్రాసి, గ్రాఫు కాగితముపై గీతలు గీసినచో తమ ఊరి రోడ్డుపై ఎప్పుడు పరుగెత్తవచ్చునో, ఎప్పుడు కూడదో వారికే తెలియును. ఆటల దినమునకు తేది నిర్ణయించునప్పుడు ఉపాధ్యాయులు ఆ గీతలను చూచి నిర్ణయింపవచ్చును. గనిలోనికి దిగు తండ్రికి ఏ అంకె రక్షగా ఉన్నదో, రోడ్డుపై పరుగెత్తు బిడ్డకును ఆ అంకెయే రక్ష.